పెళ్లి ప్రకటనకు ముందే అడగాల్సిన ప్రశ్న

ఆదివారం ఆరాధనలో వివాహ ప్రకటన చదివాక, అభ్యంతరం ఎవరికైనా ఉంటే తెలియజేయమని అయ్యగారు సంఘాన్ని అడుగుతారు. మూడు ఆదివారాలు అడుగుతారు. ఎవరూ లేవరు. అబ్బాయికి కెనడా పీఆర్ ఉంది, బాప్తిస్మం పొందాడు, చెడు అలవాట్లు లేవు, తల్లిదండ్రులు సంఘంలో మంచి పేరున్నవారు. ఇంతకన్నా ఇంకేం చూడాలి? అతనికి అప్పులెన్ని ఉన్నాయో మాత్రం ఎవరూ అడగరు. అడిగితే సంబంధం చెడిపోతుందని అమ్మాయి తండ్రికి భయం. చెబితే పరువు పోతుందని అబ్బాయి తండ్రికి భయం.

పెళ్లవుతుంది. సెలవు అయిపోగానే అబ్బాయి టొరంటో వెళ్లిపోతాడు. అమ్మాయి పుట్టింట్లోనే ఉంటుంది. గుడి మెట్ల దగ్గర ప్రతి ఆదివారం అదే పలకరింపు: "ఇంకా వీసా రాలేదా అమ్మా?" ఏడాది గడిచాక అసలు సంగతి బయటపడుతుంది. అతడు ఇంతవరకు దరఖాస్తే పెట్టలేదు. పెట్టినా చెల్లదు. ఎందుకంటే పెళ్లికి కొద్ది నెలల ముందు అతడు అక్కడ దివాలా దాఖలు చేశాడు.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. చట్టం ఎక్కడ అడ్డుపడుతుందో తేలికగా అర్థం కావడానికి అల్లిన ఉదాహరణ. అయితే ఇందులో ఉన్న భయాలు, మౌనం మనకు కొత్తవేమీ కావు. అందుకే ఈ విషయం సంఘం తెలుసుకోవాలి. విదేశంలో ఉన్న భర్తకు అప్పుంటే భార్యకు వీసా వస్తుందా, రాదా? ఈ ప్రశ్నకు మన మధ్య రెండు తప్పుడు జవాబులు తిరుగుతున్నాయి. అప్పుంటే ఏ దేశమూ రానివ్వదనేది ఒకటి. అప్పుకూ వీసాకూ సంబంధమే లేదనేది ఇంకొకటి. నిజం ఒక్కో దేశంలో ఒక్కో రకంగా ఉంది.

ముందుగా ఒక తేడా గమనించాలి. స్పాన్సర్ అనే మాటను మనం అన్నిటికీ వాడేస్తాం. అబ్బాయి అమెరికాలో హెచ్-1బీ మీద ఉంటే భార్య హెచ్-4 మీద వెళ్తుంది. అక్కడ భార్యను పోషిస్తానంటూ చట్టబద్ధమైన హామీపత్రం రాసి ఇవ్వాల్సిన పని లేదు. కెనడాలో చదువుకుంటున్నవారి, పని చేస్తున్నవారి భార్యలు అక్కడ పని చేసుకునేందుకు వర్క్ పర్మిట్ కోరే దారి వేరు. 2025 జనవరి 21 నుంచి ఆ దారి కూడా బాగా ఇరుకైంది. ఈ వ్యాసంలో మాట్లాడుతున్నది శాశ్వత నివాసం కోసం భార్యను లేదా భర్తను స్పాన్సర్ చేసే విషయం. అంటే స్పాన్సర్ చేసే వ్యక్తి ఆ దేశ పౌరుడో, అక్కడ స్థిరనివాస హక్కు ఉన్నవాడో అయి ఉండాలి. కాబట్టి పెళ్లిచూపుల్లో మొదటి ప్రశ్న జీతం ఎంత అని కాదు, అబ్బాయి ఏ హోదా మీద అక్కడ ఉన్నాడు అని.

అప్పుల విషయంలో అందరికన్నా సూటిగా మాట్లాడేది కెనడా చట్టం. దివాలా తీసి, దాని నుంచి ఇంకా విడుదల పొందనివాడు భార్యను స్పాన్సర్ చేయడానికి అనర్హుడు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి నిర్ణయం వచ్చే రోజు వరకు ఈ అర్హత నిలిచి ఉండాలి. దరఖాస్తు పెట్టాక మధ్యలో దివాలాకు వెళ్లినా చిక్కే. కోర్టు ఆదేశించిన భరణం చెల్లించకుండా బాకీ పడినవాడికి, వైకల్యం కాక వేరే కారణంతో ప్రభుత్వ సాంఘిక సహాయం మీద బతుకుతున్నవాడికి, గతంలో ఎవరినో స్పాన్సర్ చేసి ఆ హామీ తప్పినవాడికి కూడా ఇదే అడ్డంకి.

అయితే అదే చట్టంలో ఊరట కలిగించే సంగతులు కూడా ఉన్నాయి. మామూలు అప్పు అడ్డంకి కాదు. కారు లోను, ఇంటి లోను, క్రెడిట్ కార్డు బాకీ ఉన్నంత మాత్రాన ఎవరూ అనర్హులు కారు. భార్యను స్పాన్సర్ చేయడానికి సాధారణంగా ఇంత ఆదాయం ఉండాలన్న కనీస పరిమితి కూడా కెనడాలో లేదు. దివాలా సైతం జీవితాంతం అంటుకునే మచ్చ కాదు. మొదటిసారి దివాలా తీసినవాడు తన బాధ్యతలన్నీ సక్రమంగా నెరవేరిస్తే, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే, 9 నెలలకు విడుదల పొందవచ్చు. ఆదాయం నిర్ణీత మట్టం కన్నా ఎక్కువగా ఉంటే 21 నెలలు పడుతుంది. ఈ కాలంలో ప్రతి నెలా ఆదాయం లెక్క ట్రస్టీకి చెప్పాలి, రెండుసార్లు ఆర్థిక కౌన్సెలింగ్‌కు హాజరు కావాలి. విడుదల దొరికాక స్పాన్సర్ చేసే హక్కు తిరిగి వస్తుంది. ఆ విడుదల పత్రాన్ని భద్రంగా దాచుకోవాలి.

దివాలా కాకుండా కన్స్యూమర్ ప్రపోజల్ అనే మరో దారి కూడా అక్కడ ఉంది. సొంతింటి లోను కాకుండా మిగతా అప్పులు 2,50,000 డాలర్లకు మించనివాడు, అప్పులవాళ్లకు కొంత భాగం 5 ఏళ్ల లోపు కట్టేలా ట్రస్టీ ద్వారా ఒప్పందం చేసుకోవచ్చు. ఇది దివాలా కాదు గనుక ఆ నిషేధం దీనికి వర్తించదు. పెళ్లి ఆలోచన ఉన్న యువకుడు అప్పుల్లో మునిగితే, స్నేహితుడి సలహా విని తొందరపడి దివాలాకు వెళ్లకముందే ఈ తేడా తెలుసుకోవాలి. ఒక్క సంతకం తేడాతో భార్య రాక నెలలకొద్దీ, ఒక్కోసారి ఏళ్లకొద్దీ వెనక్కి పోతుంది.

అమెరికా దారి వేరు. అక్కడ పౌరుడు లేదా గ్రీన్ కార్డు ఉన్న వ్యక్తి భార్య కోసం ఐ-864 అనే హామీపత్రం మీద సంతకం చేయాలి. కుటుంబ పరిమాణాన్ని బట్టి ప్రభుత్వం ప్రకటించే పేదరిక మార్గదర్శక ఆదాయానికి 125 శాతం సంపాదన చూపాలి. 2025 లెక్కల ప్రకారం, అలాస్కా, హవాయి తప్ప మిగతా రాష్ట్రాల్లో ఇద్దరున్న కుటుంబానికి అది ఏడాదికి 26,437 డాలర్లు. ఆ పత్రంలో అడిగేది ఆదాయం, పన్ను రిటర్నులు, అవసరమైతే ఆస్తులు. దివాలా తీశాడన్న ఒక్క కారణంతో స్పాన్సర్ అనర్హుడు కాడు. 2020 ఫిబ్రవరిలో మాత్రం, అమెరికాలోనే ఉండి గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేసేవారి క్రెడిట్ స్కోరు, అప్పులు, దివాలా వివరాలు అడిగే ఐ-944 అనే పత్రం అమల్లోకి వచ్చింది. 2021 మార్చిలో దాన్ని తొలగించారు. పాలకులు మారితే నియమాలూ మారతాయి గనుక, దరఖాస్తు పెట్టే రోజున ఏ నియమం అమల్లో ఉందో చూసుకోవడం మంచిది.

బ్రిటన్ కూడా ఆదాయాన్నే చూస్తుంది. 2012 జులైలో ఏడాదికి 18,600 పౌండ్లుగా మొదలైన కనీస ఆదాయ పరిమితి 2024 ఏప్రిల్ 11న 29,000 పౌండ్లకు పెరిగింది. ఈ లెక్కకు పన్ను కోయకముందు జీతం తీసుకుంటారు. నెలనెలా కట్టే అప్పు వాయిదాలను అందులోంచి తీసివేయరు. ఆదాయం చాలనివారు పొదుపు చూపించవచ్చు గానీ, ఆ డబ్బు సాధారణంగా 6 నెలలు చేతిలో ఉండాలి. కానుకగా వచ్చిందైనా పర్వాలేదు, అప్పుగా తెచ్చింది మాత్రం చెల్లదు. బంధువుల దగ్గర నాలుగు రోజులకు డబ్బు తీసుకుని ఖాతాలో చూపించే మన అలవాటు అక్కడ పనికిరాదు.

ఇక్కడ తెలుగు కుటుంబాలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. మన పిల్లల అప్పు తరచుగా అక్కడ పుట్టదు, ఇక్కడే పుడుతుంది. విదేశీ చదువుకు బ్యాంకు లోను తీసుకుంటే తండ్రో తల్లో సహ రుణగ్రహీతగా సంతకం చేస్తారు. 7.5 లక్షలు దాటితే సాధారణంగా ఇల్లో పొలమో తాకట్టు పెడతారు. అది చాలకపోతే ప్రాంసరీ నోటు మీద రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, ఊళ్లో తెస్తారు. కొడుకు కెనడాలో దివాలా తీస్తే అతని మీద ఒత్తిడి తగ్గవచ్చు. అతనితో కలిసి సంతకం పెట్టినవారి బాధ్యత, హామీ ఉన్నవారి బాధ్యత మాత్రం దానితో రద్దు కావు. ఇక్కడ బ్యాంకు నోటీసు తండ్రి పేరిటే వస్తుంది. తాకట్టులో ఉన్న ఇల్లు తాకట్టులోనే ఉంటుంది.

ఈ బరువును దించుకోవడానికి మన సమాజం కనిపెట్టిన అడ్డదారి కట్నం. అబ్బాయి అప్పు అమ్మాయి తండ్రి తీర్చాలి. కొత్తగా ఈ అడ్డదారికి వీసా సాకు కూడా తోడైంది: "అప్పు తీరితేనే మీ అమ్మాయి వీసా ఫైలు కదులుతుంది, పది లక్షలు సర్దండి." సంఘం ఈ మాటను గట్టిగా ప్రశ్నించాలి. పైన చెప్పిన మూడు దేశాల్లోనూ మామూలు అప్పు తీర్చడం భార్యను స్పాన్సర్ చేయడానికి షరతు కాదు. కెనడాలో దివాలా తీసినవాడికి విడుదల రావడానికి మామగారి డబ్బు అక్కర్లేదు, గడువు గడవాలి, అతడు తన బాధ్యతలు నెరవేర్చాలి. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నాటి చట్టం ప్రకారం నేరం. వీసా పేరు పెట్టినంత మాత్రాన అది కట్నం కాకుండా పోదు. చట్టం సంగతి తెలిసిన తండ్రి, "ఏ నియమం కింద అడుగుతున్నారు బాబూ?" అని ఒక్క ప్రశ్న వేయగలిగితే, ఆ ఇంట్లో మిగిలిన ఒక్క ఎకరం పొలం మిగులుతుంది.

దాచిపెట్టడం మరో అడ్డదారి. దివాలా సంగతి దరఖాస్తులో రాయకపోతే ఎవరికి తెలుస్తుందిలే అని కొందరు అనుకుంటారు. కెనడాలో దివాలా నమోదు ప్రభుత్వ రికార్డు. ముఖ్యమైన విషయంలో తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే 5 ఏళ్ల పాటు ఆ దేశంలో ప్రవేశానికి అనర్హత పడవచ్చు. భర్త చెప్పిన అబద్ధం, ఏమీ తెలియని భార్య ఫైలు మీద పడుతుంది. 9 నెలలు ఓపిక పడితే తెరుచుకునే తలుపు 5 ఏళ్లు మూసుకుపోతుంది.

ఇక హామీ సంతకం సంగతి. కెనడాలో భార్య పీఆర్ పొందిన రోజు నుంచి 3 ఏళ్ల పాటు ఆమె కనీస అవసరాలకు భర్తదే బాధ్యత. ఆమె సాంఘిక సహాయం తీసుకోవాల్సి వస్తే ఆ సొమ్ము అతడు ప్రభుత్వానికి కట్టాలి. ఉద్యోగం పోయినా, విడాకులైనా ఆ హామీ పోదు. అమెరికాలో ఐ-864 బాధ్యత ఆమె పౌరసత్వం పొందేదాకానో, 40 త్రైమాసికాల పని ఆమె ఖాతాలో జమ అయ్యేదాకానో, దేశాన్ని శాశ్వతంగా విడిచి వెళ్లేదాకానో, మరణించేదాకానో ఉంటుంది. విడాకులతో ముగియదు. భర్త ఆదాయం చాలకపోతే జాయింట్ స్పాన్సర్‌గా మరొకరు సంతకం చేయవచ్చు. అతడు బంధువు కానక్కర్లేదు. అందుకే డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు సంఘ పెద్దలను ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు పక్కకు పిలుస్తారు: "అన్నా, ఒక్క సంతకమే, పేరుకు మాత్రమే." పేరుకు మాత్రమే ఉండే సంతకం చట్టంలో లేదు. పరుల కోసం పూటపడేవాడు తన మాటల్లో తానే చిక్కుకుంటాడని సామెతల గ్రంథం 6వ అధ్యాయం ఎప్పుడో హెచ్చరించింది. సహోదరుడికి తోడు నిలవడం ప్రేమే. అయితే ఎన్నేళ్ల బాధ్యతో చదివి, భార్యాపిల్లలతో మాట్లాడి, మనసారా ఒప్పుకుని సంతకం చేస్తేనే అది ప్రేమ. మొహమాటంతో చేస్తే రేపు రెండు కుటుంబాల మధ్య కక్ష అవుతుంది. కెనడాలో భార్య దరఖాస్తుకు ఇలా బయటివారు జామీనుగా నిలిచే ఏర్పాటు కూడా లేదు.

మరి సంఘం ఏం చేయాలి?

ముందు అప్పుపడ్డవాణ్ని చూసే చూపు మారాలి. మన ఊళ్లలో "ఐపీ పెట్టాడు" అన్న మాట దాదాపు తిట్టు. ఊరి సొమ్ము ఎగ్గొట్టి పారిపోయినవాడన్న అర్థం అందులో ధ్వనిస్తుంది. అలా మోసం చేసినవాళ్లు ఉన్నారు. కానీ ఉద్యోగం పోయి, అద్దె కట్టలేక, ఊళ్లో వడ్డీ పెరిగిపోతుంటే క్రెడిట్ కార్డు గీకి తండ్రికి పంపి, చివరికి నిలవలేక చట్టం ఇచ్చిన విడుదలను ఆశ్రయించిన కుర్రవాడు మోసగాడు కాడు. ఏడేళ్లకు ఒకసారి అప్పు విడిచిపెట్టమని ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయంలో దేవుడు తన ప్రజలకు నియమం పెట్టాడు. అప్పుకు ఒక ముగింపు ఉండాలన్నది మన గ్రంథంలో ఉన్న ఆలోచనే. పొలాలూ ద్రాక్షతోటలూ కుదువపెట్టి, పిల్లలను దాస్యానికి అప్పగించాల్సి వచ్చినవారి మొర విని నెహెమ్యా కోపగించుకున్నది అప్పులిచ్చి పిండినవారి మీద గానీ, అప్పుపడినవారి మీద కాదు. సంఘంలో నిందపడతామన్న భయం లేనప్పుడే మనుషులు నిజం చెబుతారు.

రెండోది, వివాహ కౌన్సెలింగ్‌లో డబ్బు గురించి ఒక పూర్తి కూర్చోడం ఉండాలి. ప్రధానానికి ముందే, అబ్బాయినీ అమ్మాయినీ కూర్చోబెట్టి కాపరి ఈ ప్రశ్నలు అడగాలి. మీ పేరున ఎంత అప్పుంది, ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి? మీ అప్పుకు ఎవరు సంతకం పెట్టారు, ఏది తాకట్టులో ఉంది? ఎప్పుడైనా దివాలా దాఖలు చేశారా, విడుదల పత్రం ఉందా? భార్యను ఏ హోదా కింద, ఎప్పటికి తీసుకెళ్లగలరు? ఈ ప్రశ్నలు అమ్మాయినీ అడగాలి. నర్సుగా లండన్‌లోనో టొరంటోలోనో స్థిరపడి, భర్తను స్పాన్సర్ చేసే సహోదరీలు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. వారి జీతం మీద ఇక్కడి ఇంటి అప్పులెన్ని మోపామో వరుడికీ తెలియాలి. కాపరి అడిగితే అది అనుమానం అనిపించుకోదు. అందరినీ అడుగుతారు గనుక ఎవరికీ అవమానం కాదు.

మూడోది, జవాబు చెప్పినవారిని ఒంటరిగా వదలకూడదు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు లూకా 14లో చెప్పాడు. లెక్క చూస్తే పెళ్లి ఒక ఏడాది వాయిదా వేయాలని తేలవచ్చు. పెళ్లి ఖర్చు సగానికి తగ్గించాలని తేలవచ్చు. వెయ్యిమందికి విందు మానేసి, ఆ డబ్బుతో వడ్డీ ఎక్కువున్న నోటు ముందు తీర్చాలని తేలవచ్చు. అలాంటి నిర్ణయం తీసుకున్న కుటుంబాన్ని చూసి సంఘం గుసగుసలాడితే, తర్వాతి కుటుంబం నిజం చెప్పదు. సంఘంలోని బ్యాంకు ఉద్యోగులు, వకీళ్లు, లెక్కలు తెలిసినవారు నెలకో సాయంత్రం ఇందుకు కేటాయిస్తే అదీ పరిచర్యే. వీసా విషయంలో ఏజెంటు మాట కాకుండా ఆయా ప్రభుత్వ వెబ్‌సైట్లనూ, లైసెన్సున్న సలహాదారులనూ అడగమని చెప్పాలి. దివాలా ఆలోచన ఉంటే కెనడాలో లైసెన్సున్న ఇన్సాల్వెన్సీ ట్రస్టీని కలిసి, భార్యను స్పాన్సర్ చేయాల్సి ఉందని మొదటి రోజే చెప్పాలి.

ఇప్పటికే పెళ్లయి, భర్త అప్పు సంగతి ఆలస్యంగా తెలిసి పుట్టింట్లో ఎదురుచూస్తున్న సహోదరీలకు ఒక మాట. విడుదల తేదీ ఎప్పుడో, దరఖాస్తు ఎప్పుడు పెట్టగలడో పత్రాలు చూపించి చెప్పమని భర్తను అడిగే హక్కు మీకుంది. తేదీ తెలిసిన ఎదురుచూపు భరించగలిగేది. ఏదీ చెప్పకుండా డబ్బు మాత్రమే అడుగుతుంటే, ఆ సంగతి అయ్యగారికీ పెద్దలకూ చెప్పండి. అది ఇల్లు రచ్చకెక్కించడం కాదు.

రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయంలో ఒక విధవరాలు ఎలీషా దగ్గరికి వస్తుంది. భర్త భక్తిపరుడే, కానీ అప్పు మిగిల్చి చనిపోయాడు. అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఆమె ఆ సంగతి దాచలేదు, ప్రవక్త ముందు ఉన్నదున్నట్టు చెప్పింది. ఎలీషా ఆమెను నిందించలేదు. ఇంట్లో ఏముందని అడిగాడు. పాత్రలు పొరుగువారు ఇచ్చారు. నూనె దేవుడు ఇచ్చాడు. దాన్ని అమ్మి ముందు అప్పు తీర్చమని, మిగిలినదానితో ఆమె, ఆమె కొడుకులు బతకమని ప్రవక్త చెప్పాడు.

పొరుగువారు పాత్రలు ఇవ్వాలంటే ఆమెకు అవసరం ఉందని ముందు వారికి తెలియాలి. వచ్చే ఆదివారం మన సంఘంలో మరో పెళ్లి ప్రకటన చదువుతారు. దానికి ముందే, తలుపు వేసిన గదిలో, ప్రార్థన చేసి, ఆ ఒక్క ప్రశ్న అడుగుదాం. జవాబు ఎలాంటిదైనా వినడానికి సిద్ధపడి అడుగుదాం.